‘చచ్చిన కాలేజీ’లో పన్నెండో తరగతి పాఠం: ఎగ్మూరు మ్యూజియం అమరావతి గ్యాలరీ, హిస్టరీ పిల్లల కోసం ఒక సమీక్ష

పాత మద్రాసు జనానికి ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం ‘చచ్చిన కాలేజీ’. జంతువులుండే చోటు ‘బతికిన కాలేజీ’. తమిళులకూ అవే మాటలు: సెత్త కాలేజి, ఉయిర్ కాలేజి. వెక్కిరింతలా వినిపిస్తుంది గానీ, కాలేజీ అన్న మాటకు ఆధారం లేకపోలేదు. 1851లో ఈ మ్యూజియం మొదలైంది సెయింట్ జార్జి కోట కాలేజీ మేడ మీదే. ఎగ్మూరులో ఇప్పుడున్న పాంథియన్ రోడ్డు ఆవరణకు మారింది 1854లో.

ఈ సమీక్ష పర్యాటకుల కోసం కాదు. చెన్నైలో సీబీఎస్‌ఈ స్కూళ్లలో పదకొండు, పన్నెండు తరగతుల్లో హిస్టరీ తీసుకున్న తెలుగు పిల్లల కోసం, వాళ్లను అక్కడికి పంపించే తల్లిదండ్రుల కోసం. మన ఇళ్లలో ఎంపీసీ, బైపీసీ కాకుండా హ్యుమానిటీస్ అనగానే మొహాలు ఎలా మారతాయో తెలిసిందే. సైన్సు వాళ్లకు ల్యాబ్ ఉంది, మీకేముంది అని అడిగేవాళ్లకు చెప్పడానికి చెన్నైలో ఒక జవాబు ఉంది. ఆ ల్యాబ్‌లో ఉన్న రాళ్లు ఒకప్పటి గుంటూరు జిల్లా అమరావతిలోని బౌద్ధ స్తూపం నుంచి వచ్చాయన్నది మరీ ముఖ్యం.

ముందు, ఏ పాఠానికి ఏది పనికొస్తుందో. పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ హిస్టరీ పుస్తకం మొదటి భాగంలో నాలుగో పాఠం ‘థింకర్స్, బిలీఫ్స్ అండ్ బిల్డింగ్స్’. బౌద్ధం, స్తూపాలు, మధ్యప్రదేశ్‌లోని సాంచి స్తూపం మిగలడం, అమరావతి స్తూపం పోవడం అందులోనే ఉన్నాయి. ఆ పాఠానికి భారతదేశంలో ఇంతకంటే మంచి గది దొరకడం కష్టం. రెండో పాఠంలో వచ్చే శాతవాహనులు, నాణేలు, శాసనాలకు మ్యూజియంలోని నాణేల సేకరణ సాయపడుతుంది. పదకొండో తరగతిలో రోమన్ సామ్రాజ్యం మీద ‘ఎన్ ఎంపైర్ అక్రాస్ త్రీ కాంటినెంట్స్’ అనే పాఠానికీ అదే పనికొస్తుంది. హరప్పా పాఠానికి మాత్రం ఇక్కడ పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. కంచు విగ్రహాల భవనం అద్భుతం, తిరువెంకాడు అర్ధనారీశ్వరుడిని చూడకుండా రావడం నేరం. అయినా అది భక్తి ఉద్యమ పాఠానికి పనికొచ్చేది. దానికి ఇంకో రోజు కేటాయించుకోండి. ఒకే రోజున అన్నీ చూడాలనుకున్న పిల్లలు సాయంత్రానికి ‘బాగుంది’ అన్న ఒక్క మాటతో బయటికొస్తారు.

వెళ్లడం సులువే. ఎగ్మూరు రైల్వే స్టేషన్, మెట్రో స్టేషన్ల నుంచి ఆటోలో కాసేపటి ప్రయాణం. శుక్రవారం సెలవు, ‘శుక్రవారం స్కూలుకు సెలవు వచ్చింది, పోదాం పద’ అని బయల్దేరి తాళం చూసి తిరిగొచ్చే కుటుంబాలకు లోటు లేదు. జాతీయ సెలవు రోజుల్లోనూ మూసి ఉంటుంది. కెమెరాకు విడిగా రుసుము ఉంటుంది కాబట్టి ఫోన్ సంగతి కూడా టికెట్ కౌంటర్లోనే తేల్చుకోండి. ఆవరణ పదహారు ఎకరాలకు పైనే, భవనాలు అరడజను. మరమ్మతుల కోసం ఏదో ఒక గ్యాలరీ మూసి ఉండటం ఇలాంటి పాత మ్యూజియాల్లో మామూలే. అందుకని అమరావతి శిల్పాల గది ఆ రోజు తెరిచి ఉందా అని టికెట్ కొనకముందే అడగండి.

వెంట తీసుకెళ్లాల్సినవి: పాఠ్యపుస్తకం మొదటి భాగం (పీడీఎఫ్ కాదు, పుస్తకమే, బొమ్మ పక్కన పెట్టి పోల్చుకోవాలి), గీతల్లేని పది కాగితాలు, గట్టి అట్ట, మెత్తటి పెన్సిలు ఒకటి, మంచినీళ్లు. పెన్ను వద్దు. రాయి పక్కన సిరా కలం విదిలించే పిల్లాణ్ణి చూస్తే కాపలావాళ్ల గుండె ఆగుతుంది.

ఇక గది సంగతి.

లోపలికి వెళ్లగానే చాలామంది చేసే పొరపాటు, ఒక్కో రాయి ముందు ఆగి ‘ఇది ఏ దేవుడు?’ అని వెతకడం. అమరావతి రాళ్లను ముందు ఇంటి విడిభాగాల్లా చూడాలి. విరిగిపోయిన పెద్ద కట్టడం ముక్కలు ఇవి. కాబట్టి మొదటి ప్రశ్న ‘ఎవరు?’ కాదు, ‘కట్టడంలో ఇది ఎక్కడి ముక్క?’. స్తూపం చుట్టూ రాతి ప్రహరీ ఉండేది, దాన్ని వేదిక అంటారు. నిలువు స్తంభాలు, వాటి మధ్య అడ్డంగా దూర్చిన రాళ్లు, సూచులు, పైన టోపీలా పొడుగ్గా పరిచిన రాయి, ఉష్ణీషం. స్తంభానికి మధ్యలో నిండు పద్మం లాంటి గుండ్రటి పతకం, కింద పైన అర్ధ పతకాలు ఉంటాయి. సూచికి ఒక్క గుండ్రటి పతకమే ఉంటుంది. ఉష్ణీషం మీద బారుగా సాగే పూలదండ, దాన్ని మోసే మనుషులు కనిపిస్తారు. ప్రహరీ దాటి లోపలికి వెళితే స్తూపం అండం (గుమ్మటం) కింది గుండ్రటి అరుగు. దానికి తాపడం చేసిన పలకలు వేరే రకం. ఈ నాలుగూ విడదీయడం వస్తే గదిలో సగం అర్థమైనట్టే.

తాపడం పలకల్లో కొన్నింటి మీద స్తూపం బొమ్మే చెక్కి ఉంటుంది. వీటిని వెతికి పట్టుకోండి, తక్కిన వాటికంటే ఎక్కువసేపు వీటి ముందే నిలబడండి. అసలు స్తూపం ఇప్పుడు అమరావతిలో నేలమట్టంగా మిగిలింది. అది నిలబడి ఉన్నప్పుడు ఎలా ఉండేదో మనకు తెలిసింది చాలావరకు ఈ పలకల వల్లే. గుమ్మం దగ్గర సింహాలు, నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన అరుగులు, ఒక్కో అరుగు మీద వరసగా ఐదేసి స్తంభాలు. వీటినే ఆయక స్తంభాలంటారు. బుద్ధుడి జీవితంలో ఐదు ఘట్టాలకు (పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, తొలి బోధ, మహాపరినిర్వాణం) ఇవి గుర్తు అంటారు. సాంచిలో పెద్ద తోరణాలు ఉన్నాయి, ఆయక స్తంభాలు లేవు. అమరావతిలో ఆయక స్తంభాలున్నాయి, సాంచి తరహా తోరణాలు లేవు. పోలిక అడిగిన ప్రశ్నకు ఈ ఒక్క వాక్యం చాలు. ప్రాజెక్టులో అయితే ఈ పలకను చేత్తో గీసి, భాగాలకు పేర్లు రాయండి. నెట్‌లోంచి తీసి అంటించిన సాంచి ఫోటోకు, దీనికి మార్కుల్లో తేడా కనిపిస్తుంది.

ఒక్క రాయిని పూర్తిగా చదవడం ఎలాగో చూపించడానికి నలగిరి ఏనుగు పతకం మంచిది. చెన్నై సంపదలో పేరు మోసిన రాయి ఇది. బుద్ధుడంటే గిట్టని దాయాది దేవదత్తుడు ఆయన మీదికి మదపుటేనుగును వదిలిన కథ. జరిగింది రాజగృహం వీధిలో. చూసే క్రమం ఇది.

మొదట పదార్థం. సున్నపురాయి. ఇంగ్లిషులో ‘మార్బుల్స్’ అన్న పేరు స్థిరపడిపోయింది కాబట్టి పిల్లలు ‘పాలరాయి’ అని రాస్తారు. అది తప్పు. పలనాటి సున్నపురాయి ఇది. మన ఇళ్లలో పరిచే నాపరాయి కూడా సున్నపురాయి జాతే. మెత్తగా ఉండటం వల్లే ఇంత లోతుగా, ఇంత సన్నగా చెక్కగలిగారు. ఆ మెత్తదనమే తర్వాత దాని ప్రాణం మీదికి తెచ్చింది, ఆ సంగతి కిందికి వస్తే ఉంది.

తర్వాత భాగం: గుండ్రంగా ఉంది, ప్రహరీకి చెందిన పతకం.

ఆ తర్వాత కనిపించేది. ఎడమవైపు ఏనుగు రెచ్చిపోయి మనిషిని తొండంతో విసిరేస్తోంది. జనం చెల్లాచెదురు. మేడ మీద గవాక్షాల్లోంచి చూస్తున్న మొహాలు. కుడివైపుకు రండి: అదే ఏనుగు మోకాళ్ల మీద వంగి ఉంది, ఎదురుగా బుద్ధుడు, వెనక భిక్షువులు. ఒకే చట్రంలో ఒకే ఏనుగు రెండుసార్లు. పిల్లలు ‘రెండు ఏనుగులు’ అని రాసే చోటు ఇదే. కథను వరసగా ఒకే బొమ్మలో చెప్పే పద్ధతి అది, రెండు ఏనుగులు లేవు. తోలుబొమ్మలాట చూసిన వాళ్లకు ఈ ఎత్తుగడ కొత్తేం కాదు.

చివరి ప్రశ్న: బుద్ధుడు మనిషి రూపంలో ఉన్నాడా, గుర్తుగా ఉన్నాడా? ఇక్కడ మనిషిగా ఉన్నాడు, కాబట్టి ఇది తర్వాతి దశది. పాత దశ రాళ్లలో ఆయన బదులు ఖాళీ ఆసనం, పాదముద్రలు, చెట్టు, చక్రం, స్తూపం ఉంటాయి. ఖాళీ ఆసనం ధ్యానానికి, చక్రం సారనాథ్ తొలి బోధకు, స్తూపం మహాపరినిర్వాణానికి గుర్తని పాఠంలోనే ఉంది. గదిలో ఖాళీ ఆసనం ఉన్న ఒక రాయి, మనిషి రూపం ఉన్న ఒక రాయి పక్కపక్కన గీసుకుంటే ఆ పేరా బట్టీ పట్టాల్సిన పని ఉండదు. ఒక హెచ్చరిక: గుర్తు ఉంటే పాతది, రూపం ఉంటే కొత్తది అనేది మొదటి అంచనా మాత్రమే. మనిషి రూపం వచ్చాక కూడా గుర్తులు పోలేదు, రెండూ కలిసే సాగాయి. కళాచరిత్రకారుడు శివరామమూర్తి 1942లో ఈ మ్యూజియం బులెటిన్‌గా రాసిన అమరావతి శిల్పాల గ్రంథంలో నాలుగు దశలుగా విడదీశారు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం నుంచి క్రీస్తుశకం మూడో శతాబ్దం దాకా అవి సాగుతాయి. ఇంటర్ వయసు పిల్లలు నాలుగు దశలు గుర్తుపట్టనక్కర్లేదు, రెండు చాలు. బొమ్మలు పొట్టిగా, చదునుగా, ఒకదానికొకటి దూరంగా ఉంటే తొలి దశ. పొడవాటి కాళ్లు, కిక్కిరిసిన జనం, వంగే నడుములు, లోతైన నీడలు ఉంటే చివరి దశ.

లోతు తక్కువగా చెక్కిన రాళ్లను ఎదురుగా నిలబడి చూస్తే ఏమీ కనపడదు. ఒక పక్కకు జరిగి, వెలుతురు రాయి మీద ఏటవాలుగా పడే చోట నిలబడండి. గీతలు లేస్తాయి. ముట్టుకోవద్దు. చేతి జిడ్డు సున్నపురాయిలోకి ఇంకుతుంది, ఒక్కరి వేలు కాదు కదా, ఏటా వేల వేళ్లు.

లేబుళ్లు తమిళంలో, ఇంగ్లిషులో ఉంటాయి. తెలుగు లేదు. రాళ్లన్నీ మనవే అయినప్పుడు ఒక వరుస తెలుగు ఉంటే బాగుండేదని అనిపించడం సహజం. అదలా ఉంచితే, లేబులు మీద ఆధారపడి పాఠం నేర్చుకోవాలనుకోకండి. పేరు, ఊరు, శతాబ్దం చెప్పి లేబులు తప్పుకుంటుంది. మిగతాది పైన చెప్పిన ప్రశ్నలతో రాయి దగ్గరే రాబట్టాలి. ఇంటికొచ్చాక గుర్తున్నదాంతో రాస్తే అన్ని రాళ్లూ ఒకటే అయిపోతాయి.

ఇప్పుడు, ఈ రాళ్లు ఇక్కడికెలా వచ్చాయన్న కథ. ఇది చరిత్ర మాత్రమే కాదు, పరీక్షలో అడిగే ప్రశ్న కూడా: సాంచి ఎందుకు మిగిలింది, అమరావతి ఎందుకు మిగల్లేదు? 1796లో గుడి కట్టుకోవాలనుకున్న ఒక స్థానిక రాజు దిబ్బను తవ్వించాడని పాఠం చెబుతుంది. పాఠంలో పేరు లేదు; మనకు తెలుసు, చింతపల్లి నుంచి రాజధాని అమరావతికి మార్చిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. తర్వాత సర్వేయర్ కాలిన్ మెకంజీ వచ్చి బొమ్మలు గీయించాడు. బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ శిల్పాలను మద్రాసు చేర్చాడు. అందుకే వాటికి కొన్నాళ్లు ‘ఇలియట్ మార్బుల్స్’ అన్న పేరు. కొన్ని కలకత్తా వెళ్లాయి, 1859లో పెద్ద ఎత్తున లండన్ వెళ్లాయి. తర్వాత 1877లో సూయెల్, 1880ల మొదట్లో బర్జెస్ తవ్వినవి మళ్లీ మద్రాసుకు వచ్చాయి.

ఇక్కడ పిల్లలు తికమకపడే ఒక తేదీ ఉంది. పాఠంలో గుంటూరు కమిషనర్ ఇలియట్ అమరావతికి వచ్చింది 1854 అని ఉంటుంది. శిల్పాల మీద రాసిన గ్రంథాల్లో, మ్యూజియం సమాచారంలో ఇలియట్ తవ్వకం 1845గా కనిపిస్తుంది. చాలామంది ఇది అచ్చుతప్పు అనుకుని పరీక్షలో ఏదో ఒకటి రాస్తారు. తవ్వకం 1845దే. అయినా బోర్డు పరీక్షలో పాఠంలోని తేదీనే రాయండి, దిద్దేవారి చేతిలో ఉండేది పాఠమే. ప్రాజెక్టులో మాత్రం రెండు తేదీలూ రాసి, తేడా ఉందని ఒక వాక్యం చేర్చండి. వైవాలో ‘నువ్వు గమనించిందేమిటి?’ అని అడిగితే చెప్పడానికి ఇంతకంటే గట్టి మాట దొరకదు.

సాంచి వెలుగులోకి వచ్చింది 1818లో. అప్పటికి మూడు తోరణాలు నిలబడే ఉన్నాయి, నాలుగోది పడిన చోటే పడి ఉంది. భోపాల్ బేగములు షాజహాన్ బేగం, సుల్తాన్ జహాన్ బేగం డబ్బు పెట్టారు. ఫ్రెంచివాళ్లు, ఇంగ్లిషువాళ్లు తోరణం అడిగితే ప్లాస్టర్ నకళ్లతో సరిపెట్టారు. శిల్పాలు ఉన్నచోటే ఉండాలి, మ్యూజియాల్లో నకళ్లు చాలు అని పురావస్తు శాస్త్రవేత్త హెచ్.హెచ్. కోల్ వాదించాడు. అమరావతి విషయంలో ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. అమరావతి ముందు బయటపడింది, రాళ్లను కదల్చకూడదన్న ఎరుక తర్వాత వచ్చింది. ఈ జవాబులో పిల్లలు వదిలేసేది ఈ ‘ముందు, తర్వాత’నే. కారణాల జాబితా రాస్తారు గానీ కాలక్రమం రాయరు.

ఎన్‌సీఈఆర్‌టీలో లేనిది ఒకటి ఈ గదికి వెళితేనే తెలుస్తుంది. రాయిని కదిల్చాక దాని కష్టాలు ముగియవు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఈ ఫలకాలను మ్యూజియం గోడల్లో సిమెంటుతో బిగించారు. కదలకుండా ఉంటాయి, చూడ్డానికి బాగుంటాయి అని. సిమెంటులో నీటిలో కరిగే లవణాలుంటాయి. మద్రాసు గాలిలో తేమకు తక్కువేం లేదు. తేమతో పాటు లవణం రాయిలోకి పాకుతుంది, ఎండినప్పుడు పైపొర దగ్గర పలుకులు కడుతుంది, పలుకు పెరిగేకొద్దీ చోటు కోసం రాయిని తోస్తుంది. పైపొర పొరలుపొరలుగా లేస్తుంది. ఉప్పు గోడకు వేసిన సున్నం రాలడం చూసినవాళ్లకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. గట్టి గ్రానైట్ అయితే ఇంత తొందరగా లొంగదు. తొలి నాళ్లలో చేసిన ఆ పని తర్వాతి తరాల పరిరక్షకులకు పెద్ద తలనొప్పి అయింది. ‘మ్యూజియంలో ఉంటే భద్రం’ అని ప్రాజెక్టులో ఒక్క ముక్కలో తేల్చే పిల్లలు ఈ పేరా కలుపుకుంటే వాదనకు రెండో వైపు కూడా దొరుకుతుంది.

లండన్ సంగతి. బ్రిటిష్ మ్యూజియం 33ఎ గదిలో మన అమరావతి రాళ్లు సుమారు 120 ఉన్నాయి. ఇంగ్లండులో ఇదే వయసు పిల్లలు ‘క్లాసికల్ సివిలైజేషన్’ అనే విడి సబ్జెక్టే తీసుకోవచ్చు. ఓసీఆర్ బోర్డు ఎ లెవెల్‌లో దీని కోడ్ హెచ్408. గ్రీకు, లాటిన్ రానక్కర్లేదు, అన్నీ అనువాదాల్లోనే చదువుతారు. హోమర్, వర్జిల్ కావ్యాల పేపరు తప్పనిసరి, దానికి 40 శాతం. తక్కిన రెండు పేపర్లకు 30 శాతం చొప్పున. వాటిలో ఒకటి నాటకం, శిల్పం లాంటి కళల మీద, ఇంకోటి మతం, ప్రజాస్వామ్యం లాంటి ఆలోచనల మీద. వాళ్ల పరీక్షలో మనం అరువు తెచ్చుకోదగ్గ అలవాటు ఒకటుంది. ఒక బొమ్మో, కావ్యంలో భాగమో ముందు పెట్టి పది మార్కుల ప్రశ్న అడుగుతారు. జవాబు బొమ్మలో కనిపించేదాని నుంచే మొదలవ్వాలి, తెలిసిన విషయం దాని వెనక రావాలి. మన పన్నెండో తరగతి పేపర్లోనూ సోర్స్ ప్రశ్నలు మూడు, ఒక్కోటి 4 మార్కులు, మొత్తం 12. ఆ 12 మార్కులు పోయేది జ్ఞానం లేక కాదు. ఇచ్చిన భాగాన్ని పక్కన పెట్టి, బట్టీ పట్టిన పేరా రాయడం వల్ల. నలగిరి పతకం ముందు చేసిన కసరత్తు సరిగ్గా దీనికి మందు.

నాణేల విషయానికి త్వరగా. పదకొండో తరగతి వాళ్లు ఇక్కడ ఎక్కువసేపు ఉండాలి, పన్నెండో తరగతి వాళ్లకు అరగంట చాలు. దక్షిణాదిలో దొరికిన రోమన్ నాణేల్లో చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్‌ల వెండి దినారియస్‌లదే పెద్ద వాటా. అగస్టస్ నాణెం వెనక ఆయన దత్తపుత్రులు ఇద్దరు డాళ్లు పట్టుకుని నిలబడి ఉంటారు. టైబీరియస్ నాణెం వెనక కూర్చున్న ఆకారం ఒకటి ఉంటుంది. ఈ రెండూ గుర్తుపట్టగలిగితే చాలు. బంగారు నాణెం ఆరియస్. ఒక ఆరియస్‌కు 25 దినారియస్‌లు, ఒక దినారియస్‌కు 4 సెస్టర్సులు. మన వినుకొండలోనూ రోమన్ బంగారు నాణేలు దొరికాయి. 1898లో పుదుక్కోట దగ్గర దొరికిన నిధిలో చాలా నాణేల మీద చక్రవర్తి మొహానికి అడ్డంగా ఉలి గాటు ఉంది. చలామణీ నుంచి తప్పించడానికి అలా కోసి ఉంటారన్నది ఒక అభిప్రాయం. కొన్నిచోట్ల దొరికిన నాణేలకు చిల్లులు ఉంటాయి, మెడలో వేసుకోవడానికి. మన కాసుల పేరుకు ఎంత పాత చుట్టమో చూడండి.

భారతదేశం రోమ్ నుంచి ఏటా 5 కోట్ల సెస్టర్సులు లాగేస్తోందని రోమన్ రచయిత ప్లినీ మొదటి శతాబ్దంలో వాపోయాడు. పిల్లలు ఈ అంకె రాస్తారు గానీ దాని బరువు తెలియదు. లెక్క కట్టండి: 100 సెస్టర్సులు ఒక ఆరియస్, కాబట్టి 5 లక్షల ఆరియస్‌లు. అగస్టస్ కాలపు ఆరియస్ దాదాపు 7.8 గ్రాములు. అంతా బంగారంలోనే చెల్లించారనుకుంటే ఏటా 3,900 కిలోలు. ప్లినీ ఇంకోచోట 10 కోట్లు అంటాడు, అది ఇండియా, చైనా, అరేబియా మూడూ కలిపి. రెండు అంకెల్నీ ఒకటిగా కలిపేయడం మామూలు తప్పు. అదే శతాబ్దపు గ్రీకు నావికుల చేతిపుస్తకం ‘పెరిప్లస్’ మసాలియా తీరంలో నూలుబట్టలు విరివిగా తయారవుతాయని చెబుతుంది. మసాలియా అంటే మన కృష్ణా ముఖద్వారం, మచిలీపట్నం వైపు. శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. ఈ వాక్యం పక్కన పెట్టడానికి అంతకంటే మంచి బొమ్మ లేదు.

ఇంకొక్కటి, తెలుగు పిల్లలు ప్రత్యేకంగా అడిగి చూడాల్సినవి: భట్టిప్రోలు ధాతు కరండాలు, అంటే అస్థికలు దాచిన రాతి పెట్టెలు. 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే స్తూపంలో బయటపెట్టినవి, ఈ మ్యూజియానికే చేరాయి. ఏ గదిలో ఉన్నాయో సిబ్బందిని అడగండి. వాటి మీది అక్షరాలు అశోకుడి శాసనాల్లోని బ్రాహ్మి లిపికి కొంచెం తేడా. అశోకుడి బ్రాహ్మిలో ‘క’ రాయడానికి అదనపు గీత అక్కర్లేదు. భట్టిప్రోలులో ‘క’కు కూడా పక్కన గీత ఉంటుంది, మన తలకట్టును గుర్తుచేస్తూ. అందుకే తెలుగు లిపి గురించి మాట్లాడేవాళ్లందరూ దీని దగ్గర ఆగుతారు. జాగ్రత్త పడాల్సిందల్లా, లిపి వేరు, భాష వేరు. ఆ శాసనాల భాష ప్రాకృతం. ‘తొలి తెలుగు శాసనం’ అని ప్రాజెక్టులో రాసి ఇంట్లో చప్పట్లు కొట్టించుకోవచ్చు, వైవాలో మాత్రం దొరికిపోతారు. అమరావతి శాసనాల్లో వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించిన ‘నాగబు’ సంగతి వేరు. అది ప్రాకృత వాక్యాల మధ్య ఒక్క తెలుగు మాట.

మ్యాప్ ప్రశ్నకు 5 మార్కులు. బౌద్ధ స్థలాల్లో అమరావతి, నాగార్జునకొండ, సాంచి, భార్హుత్, బోధ్‌గయ, అజంతా వంటివి అడుగుతారు. తెలుగువాళ్ల పిల్లలు అమరావతి దగ్గర మార్కు పోగొట్టుకుంటారంటే నమ్మడం కష్టమే, కానీ పోగొట్టుకుంటారు. మహారాష్ట్రలో అమరావతి ఒకటుంది, అక్కడ చుక్క పెడతారు. మనది కృష్ణకు దక్షిణపు ఒడ్డున, సముద్రానికి మరీ దూరం కాని చోట. నాగార్జునకొండ అదే నది మీద ఎగువన, పడమర వైపు. ముందు కృష్ణను లేత గీతగా గీసి, దాని మీద రెండు చుక్కలు పెడితే తప్పు జరగదు.

మొత్తం పేపరు 80, ప్రాజెక్టు 20. ప్రాజెక్టుకు ఈ మ్యూజియం ఎంచుకుంటే ‘అమరావతి స్తూపం’ అని అంత పెద్ద పేరు పెట్టకండి, పుస్తకం నకలు అవుతుంది. ఒక్క రాయి తీసుకోండి, లేదా ఒకే విషయం: ఏనుగులు, ఆడవాళ్ల నగలు, ఇళ్ల పైకప్పులు, బండ్లు. పది రాళ్లలో బండి ఎలా ఉందో గీసి పోల్చితే సరిపోతుంది. ఒక్కో బొమ్మ కింద నాలుగు వరసలు: భాగం, దశ, కనిపించేది, ఊహించేది. కనిపించేదానికీ ఊహించేదానికీ మధ్య గీత గీయడం దిద్దేవాళ్లు ముందుగా చూసేది. పుస్తకాల అవసరం పడితే మ్యూజియం ఆవరణను ఆనుకునే కన్నెమరా గ్రంథాలయం ఉంది, 1896 నాటిది, దేశంలో అచ్చయ్యే పుస్తకాలు చట్టప్రకారం చేరే నాలుగు గ్రంథాలయాల్లో ఒకటి. శివరామమూర్తి గ్రంథం కోసం ముందు అక్కడ అడగండి. అందులోని గీత బొమ్మలు చూసి నగలకు, తలపాగాలకు పేర్లు పట్టుకోవచ్చు.

ఎవరికి వద్దంటే, పరీక్ష నెల రోజుల్లో ఉన్నవాళ్లకు. అప్పుడు వెళితే బుర్రకెక్కేది తక్కువ, కంగారు ఎక్కువ. పదకొండో తరగతి ముగిసిన వేసవిలోనో, పన్నెండులో దసరా సెలవుల్లోనో వెళ్లడం మేలు. మే నెల మధ్యాహ్నం వద్దు. ఉదయం తలుపులు తీయగానే వెళ్లి, అమరావతి గదిలో రెండు గంటలు, నాణేలకు అరగంట, భట్టిప్రోలుకు పావుగంట పెట్టుకోండి. చిన్న తమ్ముళ్లను, చెల్లెళ్లను వెంట తీసుకెళ్లేట్టయితే ఆ లెక్క మర్చిపోండి. వాళ్లు మొదటి పావుగంటకే తిమింగలం అస్థిపంజరం ఎక్కడ అని అడుగుతారు.